గలీబుల గది

పాతికేండ్ల పండగకి పుస్తకం వేస్తారంట.
మద్రాసు నించి వచ్చిన పిల్లోడు, చెవికి పోగు,
"హోటల్ చరిత్ర చెప్పండి మేడం" అని
గుడ్డల గదిలో స్టూలేసుకోని కూర్చున్నాడు.
ఫోనులో ఎర్ర చుక్క వెలుగుతా ఉంది.

యాడ మొదలు పెట్టేది?

ఇప్పుడు పియానో ఉండే చోట
చెనక్కాయల మిల్లు ఉండింది.
మా నాయన మొగిలప్ప గోతాలు మోసినాడు.
వాన పడినప్పుడు
లాబీలో పిండిచెక్క వాసన లేస్తాది.
మేనేజర్లు ముగ్గురు మారి
మూడు రకాల సెంటు కొట్టించినారు.

మిల్లు మూతపడి లాడ్జి అయింది.
పన్నెండు గదులు, ఒక బాయి.
చాపకి అర్ధరూపాయి, దిండుకి పావలా.
దిండొద్దనే వాళ్ళే జాస్తి,
మూట ఉండంగా దిండెందుకని.
పదారేండ్ల దాన్ని, దిండ్లు లెక్క పెట్టేదే నా పని.
ఇప్పుడూ అదే.
నూటా ఎనభై నాలుగు గదులు, గదికి ఆరు దిండ్లు,
మెత్తనివి రెండు, గట్టివి రెండు,
ఊరికే అందానికి రెండు.
దిండుకి మూడు గలీబులు.
నువ్వే గుణించుకో నాయనా.

పాలరాయి సంగతి మేనేజర్ చెప్పుంటాడు.
ఈతకొలను సంగతి నేను చెప్తా.
అది కొండ దిక్కు చూస్తా ఉంటాది.
ఈదేవాళ్ళని నేను చూసింది తక్కువ.
అలిపిరి మెట్లెక్కి దిగొచ్చినోళ్ళు
ఒడ్డున కూర్చోని
వాచిన కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటారు,
సాయంత్రమంతా, మాట్లాడకుండా.

రాత్రి రెండుకి అన్ని అంతస్తుల్లో ఫోన్లు మోగుతాయి.
ఏ ఊరి హోటలన్నా ఆ పొద్దులో గుర్రు పెడతాది,
మా దాంట్లో కాఫీ కాస్తా ఉంటారు.
జుట్టుతో పోతారు, గుండుతో వస్తారు.
కౌంటర్లో లోకనాథం
కార్డులో ఫొటో చూస్తాడు, మొగం చూస్తాడు,
మళ్ళీ ఫొటో చూస్తాడు.

ఇంగ నా దగ్గరకి వచ్చేది గంధం.
ఏడో అంతస్తు సూట్లో మిల్లు ఓనరు పడుకోనీ,
కింద డ్రైవర్ల గదిలో వాళ్ళ డ్రైవరు పడుకోనీ,
గలీబు మీద అరచెయ్యంత పసుప్పచ్చ మరక.
చీటీ ఊడిపోతే ఎవరిదో నేనూ చెప్పలేను.
వేన్నీళ్ళు పోసినావంటే నూలులోకి దిగిపోతాది.
చన్నీళ్ళు, రొవ్వంత నిమ్మరసం, ఎండ.
మిషన్లు వచ్చినాక ఎండ లేదు,
నేను మాత్రం మిద్దెక్కి ఆరేస్తా.

ఒకామె వచ్చింది, ఐదో అంతస్తుకి.
కొండకి పోకముందే గుండు. ఆస్పత్రి గుండు.
తువ్వాళ్ళు ఇయ్యబోతే, తలుపు పట్టుకోని,
"అందరూ ఏదో ఒకటి ఇచ్చొస్తారమ్మా,
నేను ఒట్టి తలతో పోతా ఉండా" అనింది.
ఏం చెప్పాలో తెలీక
ఇంకో సోపు ఇచ్చినా.

మూడేండ్లకి మళ్ళీ వచ్చింది.
భుజాలు దాటిన జుట్టు, మధ్యలో పాపిడి.
నన్ను గుర్తు పట్టింది. నేను పట్టలేదు.
మర్నాడు మధ్యాన్నం లిఫ్టు దిగింది,
నున్నగా, గంధం పూసుకోని,
నవ్వు ఆపుకోలేకుండా.

అప్పుడు పట్టినా.

ఆ గలీబు నేను తొట్టిలో వెయ్యలేదు.

పిల్లోడు ఎర్ర చుక్క ఆర్పేసినాడు.
"ఇది వెయ్యరేమో మేడం" అన్నాడు.
వెయ్యొద్దులే అన్నా.

పుస్తకం వచ్చింది, నున్నటి కాగితం.
పాలరాయి నాలుగు పేజీలు.
నాది ఫొటో లేదు, చేతులు ఉండాయి,
తువ్వాలుని హంస మాదిరి చుడతా ఉండేటివి.
కింద చిన్నచ్చరాల్లో:
మా గుడ్డల గదిలో
మూడువేల మూడొందల పన్నెండు గలీబులు.

రిజిస్టర్లోనూ అంతే ఉంది.
అల్మారాలో ఒకటి తక్కువ.